కాకులు దూరని కారడవి పక్కన కాపురం ఉండేదెవరు?

ఫాంటసీ రాస్తున్నవాళ్లు ప్రశ్నలు పంపమని పోయిన సంచికలో అడిగాం కదా, వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిలో ఒకటే దేశం కనిపించింది. ఒక రాజ్యం, దాని చివర ఒక సీమ, ఆ సీమను ఆనుకుని లోపలికి వెళ్లినవాడు తిరిగిరాని అడవి. పేర్లు వేరు, అడవి మాత్రం అదే. అందుకని ఈసారి శీర్షిక మొత్తం దానికే ఇచ్చేశాను. కొన్ని ఉత్తరాలు పేజీలకు పేజీలు ఉన్నాయి కాబట్టి ప్రశ్నల్ని కాస్త కత్తిరించాను, ఏమనుకోకండి.

ప్రశ్న: మేడమ్, నా నవలలో తూర్పు సీమ అడవి అంచున ఉంటుంది. అడవి పేరెత్తితే అందరికీ హడల్. మా ఫ్రెండ్ చదివి, "అంత భయమైతే మూటాముల్లె సర్దుకుని వెళ్లిపోవచ్చుగా, అక్కడే ఎందుకు చస్తున్నారు?" అన్నాడు. నాకు జవాబు తట్టలేదు. మీరు చెప్పండి.
– ఒక డిగ్రీ విద్యార్థి

జవాబు: ఆ ఫ్రెండ్‌ని వదులుకోకండి, మంచి పాఠకుడు.

ప్రమాదం ఉందని జనం ఊరు వదలరు, పొట్ట గడవకపోతే వదులుతారు. అగ్నిపర్వతాల కింద ఊళ్లున్నాయి, ఏటా వరదొచ్చే నదుల ఒడ్డున ఊళ్లున్నాయి, ఎందుకంటే అక్కడి మట్టి పండుతుంది. మీ తూర్పు సీమలో ఏం దొరుకుతుందో ముందు తేల్చుకోండి. అడవి అంచంటే కలప, తేనె, మైనం, జిగురు, తోళ్లు, మందు వేర్లు, అన్నిటికంటే ముఖ్యంగా బొగ్గు. పాత పద్ధతిలో ఒక కిలో బొగ్గు తియ్యాలంటే ఐదారు కిలోల కట్టె, ఒక్కోసారి ఇంకా ఎక్కువ, కాల్చాలి. అంత కట్టెను బండ్లకెత్తి రాజధానికి తోలేకంటే అడవి పక్కనే బట్టీ పేర్చి, బొగ్గు చేసి పంపడం నయం. అందుకే బొగ్గు కాల్చేవాళ్లు అడవిని వదిలి ఉండలేరు. బొగ్గు లేకపోతే కొలిమి మండదు, కొలిమి మండకపోతే కత్తి తయారవదు. అంటే మీ రాజుగారి సైన్యం చేతిలోని ప్రతి కత్తీ, రాత్రి తలుపు గడియ రెండుసార్లు చూసుకుని పడుకునే ఆ జనం చలవే. ఇది మీ కథలో ఎవరికో ఒకరికి తెలియాలి, తెలిసిన రోజున గొడవ మొదలవ్వాలి.

రెండో కారణం, ప్రభుత్వమే వాళ్లను తెచ్చి అక్కడ పెట్టి ఉండొచ్చు. ఆస్ట్రియాను ఏలిన హాబ్స్‌బర్గ్ చక్రవర్తులు ఓట్టోమన్ (తురుష్క) సామ్రాజ్యంతో ఉన్న సరిహద్దులో 16వ శతాబ్దం నుంచి ఇదే పని చేశారు: భూమి ఇస్తాం, జమీందారుకు వెట్టి చెయ్యక్కర్లేదు, బదులుగా పిలిచినప్పుడల్లా ఆయుధం పట్టుకుని రావాలి. ఆ ఏర్పాటు 1881 దాకా ఏదో ఒక రూపంలో నడిచింది. తరతరాలుగా నాగలీ తుపాకీ ఒకే ఇంట్లో ఉన్న జనం వాళ్లు. మీ సీమవాళ్లకూ అలాంటి ఒప్పందం ఒకటి పెట్టి చూడండి. అడవికి భయపడి వెళ్లిపోతే భూమి పోతుంది, ఉంటే ప్రాణం పోవచ్చు. ఏది ముందు పోతుందని లెక్కేసుకుంటూ బతికే మనుషులు పేజీ మీద వాళ్లంతట వాళ్లే లేచి నిలబడతారు.

ఇక మూడో రకం, ఇంకెక్కడా చోటు లేనివాళ్లు. అప్పులు ఎగ్గొట్టినవాళ్లు, సైన్యం నుంచి పారిపోయినవాళ్లు, కులమో కుటుంబమో వెలేసినవాళ్లు. అడవి భయం కంటే, పాత పేరు ఎవరూ అడగని ఊరు దొరకడమే వాళ్లకు ముఖ్యం.

ఇంకో సంగతి కూడా గమనించండి. దూరంగా రాజధానిలో ఉన్నవాడికి అడవి మొత్తం ఒకటే భయం. అంచున ఉన్నవాడికి అలా కాదు. పుల్లలేరుకునే చోటు వేరు, పశువులు తోలే చోటు వేరు, తేనె కోసం ఇద్దరు కలిసి మాత్రమే వెళ్లే చోటు వేరు, ఆపైన అసలు అడుగుపెట్టని చోటు వేరు. ఆ గీత ఎక్కడుందో ఊళ్లో ఆరేళ్ల పిల్లకు కూడా తెలుస్తుంది. ఒక మద్ది చెట్టుకు మనిషి ఛాతీ ఎత్తున మూడు గాట్లు పెట్టి ఉంటాయనుకోండి. చెట్టు పెరుగుతూ గాట్లు మూసుకుపోతుంటే ఏటా ఒకసారి ఎవరో వెళ్లి మళ్లీ చెక్కాలి. ఈ ఏడు ఎవరి వంతు? ఆ ఇంట్లో ఆ వారం మాటలెలా ఉంటాయి? అడవిని ఒక్క వాక్యంలో కూడా వర్ణించకుండా ఒక అధ్యాయం నడిపేయొచ్చు.

ప్రశ్న: రాజుకు యాభై వేల సైన్యం ఉంది, మంత్రగాళ్లున్నారు. మరి పక్కనే ఉన్న అడవిని వందల ఏళ్లుగా ఎవరూ ఎందుకు చూడలేదని నన్ను నేనే అడిగి ఇరుక్కుపోయాను. "శాపం ఉంది" అనేస్తే సరిపోతుందా?
– ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి

జవాబు: సరిపోదు. శాపం పెట్టుకోండి, వద్దనను, కానీ అది తీసేసినా కథ నిలబడాలి.

ముందు లెక్క చూద్దాం, మీకు లెక్కలు ఇష్టమనుకుంటాను. మనిషికి రోజుకు కిలో దాకా తిండి కావాలి. వీపు మీద ముప్పై కిలోలు మోస్తాడనుకుందాం, అదీ ఆయుధం, దుప్పటి, గిన్నె కాకుండా. అంటే నెల రోజుల తిండి. వెళ్లడానికి పదిహేను, రావడానికి పదిహేను. దారి లేని అడవిలో, వాగులు దాటుకుంటూ రోజుకు పది కిలోమీటర్లు నడిస్తే గొప్ప. అంతా సవ్యంగా జరిగితేనే నూటయాభై కిలోమీటర్లు. మీ అడవి నాలుగొందల కిలోమీటర్ల వెడల్పుంటే అవతలి ఒడ్డు ఎవరూ చూడలేరు, ఏ రాక్షసుడి సాయం అక్కర్లేదు. గుర్రాలున్నాయిగా అంటారేమో. దట్టమైన వర్షారణ్యంలో నేలదాకా చేరే వెలుతురు నూటికి ఒకటి రెండు వంతులే, ఆ చీకట్లో గడ్డి మొలవదు, గుర్రం తిండి కూడా మనిషే మొయ్యాలి. సైన్యం పెద్దదయ్యేకొద్దీ కష్టం పెరుగుతుందే తప్ప తగ్గదు. యాభై వేల మందికి రోజుకు యాభై టన్నుల తిండి. మంత్రగాడు కూడా తినాలి కదా?

దారి తప్పడం రెండోది. 2009లో జర్మనీలోని మాక్స్ ప్లాంక్ సంస్థ పరిశోధకులు కొందరికి జీపీఎస్ తగిలించి, నేరుగా నడవండని చెప్పి ఒక పెద్ద అడవిలో వదిలారు. ఎండ కాసిన రోజున నడిచినవాళ్లు దాదాపు నేరుగానే వెళ్లారు. మబ్బు పట్టిన రోజున నడిచినవాళ్లు తమకు తెలియకుండానే గుండ్రంగా తిరిగి, తాము నడిచిన దారినే మళ్లీ దాటారు. వాళ్ల దృష్టిలో మాత్రం వాళ్లు నేరుగానే వెళ్తున్నారు. మీ కథలో అడవి మనుషుల్ని తిప్పి బయటికి పంపేస్తుందనే నమ్మకం ఉంటే, అది ఎలా పుట్టిందో ఇప్పుడు మీకు తెలుసు.

మూడోది జ్వరం. హిమాలయాల కిందుండే తెరాయి అడవుల్లో బయటివాళ్లు వానాకాలంలో ఒక్క రాత్రి గడపడానికి కూడా జంకేవారు. 1950ల్లో డీడీటీ చల్లి మలేరియాను అదుపు చేసేదాకా ఆ అడవే నేపాల్‌కు దక్షిణాన కోటగోడలా నిలబడింది. తరతరాలుగా అక్కడే ఉంటున్న థారూలు మాత్రం కాపురాలు చేసుకుంటూనే ఉన్నారు. మలేరియాను కొంత తట్టుకునే గుణం వాళ్ల రక్తంలోనే ఉందని తర్వాత పరిశోధనల్లో తేలింది. జ్వరానికి దోమ కారణమని 1897లో రోనాల్డ్ రాస్ చూపించేదాకా, అడవి గాలే విషమని చదువుకున్నవాళ్లు కూడా నమ్మారు. మీ మంత్రగాళ్లూ ఆ గాలికి విరుగుడు హోమాలు చేస్తూ, రాత్రిళ్లు ఒంటి మీద చొక్కా లేకుండా కూర్చుని ఉండొచ్చు.

ఇక చరిత్రలో పెద్ద దెబ్బ క్రీ.శ. 9లో రోమన్లకు తగిలింది. ట్యూటోబర్గ్ అడవిలో వారుస్ అనే సేనాని మూడు లీజియన్లతో (నంబర్లతో పిలిచే రోమన్ పెద్ద దళాలు) ఇరుకు దారిలో వెళ్తుంటే, రోమన్ సైన్యంలోనే పనిచేసిన ఆర్మీనియస్ జర్మన్ తెగల్ని కూడగట్టి మొత్తం సైన్యాన్ని తుడిచిపెట్టాడు. ఆ పదిహేడు, పద్దెనిమిది, పంతొమ్మిది నంబర్లను రోమ్ తర్వాత ఏ లీజియన్‌కూ పెట్టలేదు. నాకైతే యుద్ధం కంటే ఆ నంబర్ల సంగతే ఎక్కువ భయం పుట్టిస్తుంది. మీ రాజ్యంలోనూ జనం పిల్లలకు పెట్టడం మానేసిన పేరు ఒకటి ఉందనుకోండి, ఎందుకు మానేశారో వెంటనే చెప్పకండి.

నాకు అన్నిటికంటే ఇష్టమైన కారణం వేరే ఉంది. అడవి అలాగే ఉండడం రాజుకు లాభం. 16వ శతాబ్దంలో మాస్కో పాలకులు దక్షిణం నుంచి వచ్చే తాతార్ గుర్రపు దండుల్ని ఆపడానికి, అడవుల్లో చెట్లను నడుమెత్తున నరికి, కొమ్మలు శత్రువు వైపు ఉండేలా పడగొట్టి, వందల కిలోమీటర్ల అడ్డుగోడ చేశారు. ఆ అడవిలో ఊరివాళ్లు కట్టె కొట్టడం నేరం. అంటే అడవే కోట. అలాంటి రాజు దాన్ని అన్వేషించమని ఎందుకంటాడు? దారి వేస్తే ఆ దారిన అవతలివాడు కూడా వస్తాడు. పైకి "అడవి దేవత ఆగ్రహిస్తుంది" అని చాటింపు, లోపల మంత్రాంగంలో మాత్రం శత్రువు గురించి మాటలు. మీ నవలకు ఇదొక్కటి చాలు.

ప్రశ్న: అక్కా, అడవిలో ఏ రాక్షసి పెట్టాలో తేలక మూడు నెలలుగా ఆగిపోయాను. డ్రాగన్ అయితే పాతది, దెయ్యాలైతే చీప్‌గా ఉంటుందని టెన్షన్.
– ఇంటర్ చదివే తమ్ముడు

జవాబు: తమ్ముడూ, రాక్షసి సంగతి తర్వాత చూద్దాం. ముందు పుకార్లు రాయి.

జూలియస్ సీజర్ హెర్సీనియన్ అనే జర్మన్ మహారణ్యం గురించి రాశాడు. అడ్డంగా దాటాలంటే బరువు లేకుండా నడిచేవాడికి తొమ్మిది రోజులట, పొడవున మాత్రం అరవై రోజులు నడిచినా చివర చూశానన్న మనిషి లేడట. అందులో ఒక జంతువుంది, కాళ్లకు కీళ్లుండవు, పడుకుంటే లేవలేదు కాబట్టి చెట్టుకు ఆనుకుని నిద్రపోతుంది, వేటగాళ్లు ఆ చెట్టును ముందే సగం కోసి పెడతారు, అది ఆనుకోగానే చెట్టుతోపాటు కూలుతుంది అని చాలా సీరియస్‌గా రాసుకొచ్చాడు. ఆ జంతువు ఎల్క్, మామూలు పెద్ద జింక. కీళ్లు శుభ్రంగా ఉన్నాయి. చూశావా, అబద్ధం ఎంత వివరంగా ఉందో! వేటగాడు ఏం చేస్తాడో కూడా చెప్పేసరికి నమ్మబుద్ధేస్తుంది. "అడవిలో ఏదో ఉంది" అంటే ఎవరూ నమ్మరు, "అది ఎడమవైపుకు తిరగలేదు, అందుకే మనం ఎప్పుడూ ఎడమకే పరిగెత్తాలి" అంటే నమ్ముతారు.

పుకారు వల్ల ఎవరికి లాభమో కూడా చూడు. దాల్చినచెక్క ఎక్కడినుంచి వస్తుందని గ్రీకులు అడిగితే, పెద్ద పెద్ద పక్షులు దాల్చిన పుల్లలతో కొండ కొమ్మున గూళ్లు కడతాయి, మేం కింద మాంసం ముక్కలు వేస్తాం, అవి మోసుకెళ్లి గూట్లో పెడితే బరువుకు గూడు కూలుతుంది, అప్పుడు పుల్లలు ఏరుకుంటాం అని అరబ్బులు చెబుతారంటూ ప్రాచీన గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రాశాడు. సరుకు ధర పెంచుకోవడానికి, పోటీవాడు ఆ వైపు రాకుండా చెయ్యడానికి ఇంతకంటే మంచి కథ ఉందా? నీ సీమలో తేనె పట్టేవాళ్లు, దొంగ కలప కొట్టేవాళ్లు, అడవి దారిన సుంకం ఎగ్గొట్టేవాళ్లు ఉంటారు కదా. రాత్రిపూట దయ్యం దీపాలు కనిపించాయని ఊళ్లో మొదట చెప్పింది వాళ్లే అయి ఉండాలి. అందులో కొంత నిజం కూడా కలుపు, ఎందుకంటే కుళ్లిన మొద్దుల మీద పెరిగే కొన్ని రకాల బూజులు, పుట్టగొడుగులు నిజంగానే రాత్రి ఆకుపచ్చగా వెలుగుతాయి. నక్క అరుపు మొదటిసారి విన్నవాడు ఎవరో ఆడమనిషి ఏడుస్తోందనుకుంటాడు.

ఇలా ఓ పది పుకార్లు, చెప్పినవాడి పనిని బట్టి ఒక్కొక్కటీ ఒక్కోలా రాసుకో. మంత్రసాని భయం వేరు, గొర్రెలకాపరి భయం వేరు, పన్ను వసూలు చేసేవాడు అడవిని చూసి భయపడేది తన లెక్కలో లేని మనుషులు అక్కడున్నారని. అవన్నీ రాశాక రాక్షసి ఏదో నీకే తెలుస్తుంది, డ్రాగనే అయినా పర్లేదు.

ప్రశ్న: నా అడవిలో ఒక ఆటవిక జాతి ఉంది. మొదటి డ్రాఫ్ట్‌లో నరమాంస భక్షకులుగా రాశాను, అందరూ తిట్టారు. రెండో డ్రాఫ్ట్‌లో ప్రకృతి రహస్యాలన్నీ తెలిసిన జ్ఞానులుగా మార్చాను, ఈసారి ఎవరూ తిట్టలేదు గానీ నాకే బోర్ కొట్టింది.
– ఒక గృహిణి

జవాబు: మీకు బోర్ కొట్టడం మంచి లక్షణం. రెండు డ్రాఫ్టుల్లోనూ వాళ్లకు మీ హీరోతో తప్ప వేరే పని లేదు, అదీ చిక్కు.

అసలు "ఎవరూ చూడని అడవి" అన్నప్పుడు ఆ ఎవరూలో ఎవరెవరున్నారు? గ్వాటెమాల అడవుల మీద విమానం నుంచి లేజర్ కిరణాలు పంపి, చెట్ల కింది నేలను కొలిచి చూస్తే 60 వేలకు పైగా మాయా నాగరికత కట్టడాలు బయటపడ్డాయని 2018లో ప్రకటించారు. ఇళ్లు, దారులు, కాలువలు, కోటలు. ఈక్వెడార్‌లో ఉపానో లోయలో రెండున్నర వేల ఏళ్ల నాటి పట్టణాలు, వాటిని కలిపే తిన్నని రోడ్లు ఉన్నాయని 2024లో వచ్చిన పరిశోధన చెప్పింది. పైన చూస్తే అంతా చెట్లే. మీ అడవిజాతి పూర్వీకులు మీ రాజుగారి పూర్వీకుల కంటే పెద్ద ఊళ్లు కట్టి, ఏదో కారణాన వదిలేసి ఉండొచ్చు. వాళ్ల దృష్టిలో భయపడాల్సిన సీమ మీదే.

రాజ్యాలకూ అడవిజనానికీ మధ్య లావాదేవీలు ఎప్పుడూ ఉన్నాయి. కళింగ యుద్ధం తర్వాత పశ్చాత్తాపంతో వేయించిన పదమూడో శిలాశాసనంలోనే అశోకుడు అడవి ప్రజల్ని బుజ్జగిస్తూ, పశ్చాత్తాపపడినా దండించే శక్తి తనకుందని గుర్తు చేస్తాడు. అంత అహింస మాట్లాడే చోట కూడా ఆ బెదిరింపు ఉందంటే, అడవి వాళ్లు చక్రవర్తికి కూడా లెక్కలోకి వచ్చే బలం అన్నమాట. కౌటిల్యుడు అయితే ఆటవిక దళాల్ని సైన్యంలో ఒక రకంగానే లెక్కపెట్టాడు, పనికొస్తారు కానీ నమ్మకండి అనే ధోరణిలో.

వాళ్లకు మీ సీమ నుంచి ఏం కావాలి? అడవిలో చాలా దొరుకుతాయి కానీ ఉప్పు, ఇనుము అంత తేలిగ్గా దొరకవు. ఇక్కడ ఒక సీన్ చెప్తాను, కావాలంటే వాడుకోండి. హెరొడోటస్ రాసిన ఇంకో ముచ్చట ఇది. కార్తేజ్ అనే ప్రాచీన నగరపు వర్తకులు ఆఫ్రికా తీరంలో సరుకు దించి, ఓడెక్కి, వచ్చామని తెలిసేలా పొగ పెట్టేవారట. స్థానికులు వచ్చి సరుకు పక్కన బంగారం పెట్టి దూరంగా వెళ్లేవారట. చాలకపోతే వర్తకులు ముట్టుకోకుండా మళ్లీ ఓడెక్కి కూర్చునేవారు, అవతలివాళ్లు ఇంకాస్త కలిపేవారు. ఒక్క మాట లేకుండా బేరం కుదిరేది. దీన్ని మీ అడవి అంచుకు తెచ్చుకోండి. చదును బండ మీద ఉప్పు గడ్డలు, పక్కన ఆకు దొన్నెలో మైనం. తరాలుగా ఇలాగే జరుగుతోంది, ఎవరి ముఖం ఎవరూ చూడలేదు. ఒకరోజు ఉప్పు పోయింది గానీ మైనం లేదు, దాని బదులు ఒక చిన్నపిల్ల చెప్పు ఒకటి ఉంది. మీ ఊళ్లో తయారైన చెప్పే.

ఇప్పుడు వాళ్లు రాక్షసులా జ్ఞానులా అని మిమ్మల్నెవరైనా అడుగుతారా?

ప్రశ్న: మ్యాప్ గీస్తున్నాను. అడవి లోపల ఖాళీగా వదిలెయ్యనా, ఏమన్నా వెయ్యనా?
– ఒక ఆర్టిస్ట్

జవాబు: వెయ్యండి, తప్పుగా వెయ్యండి. పశ్చిమ ఆఫ్రికా మ్యాపుల్లో 1798 నుంచి కాంగ్ పర్వతాలని ఒక పెద్ద కొండల వరుస ఉండేది. ఒకరిని చూసి ఒకరు గీస్తూ పోయారు. 1880ల చివర్లో లూయీ బింజే అనే ఫ్రెంచి అధికారి స్వయంగా వెళ్లి చూస్తే అక్కడ అలాంటి వరుసే లేదు. తొంభై ఏళ్లు లేని కొండలు! రాజధానిలో గీసిన మ్యాపులో అడవి మధ్య ఒక సరస్సు, అంచు ఊరివాడు బొగ్గుముక్కతో గీసిన దాంట్లో సరస్సు లేదు, దాని బదులు ఒక వాగు రెండుసార్లు. రెండూ పుస్తకంలో అచ్చు వెయ్యండి, పాఠకులు కొట్టుకు చస్తారు.

ప్రశ్న: అడవిలోకి పాత్ర అడుగుపెట్టగానే నా కలం "చిమ్మచీకటి, నిశ్శబ్దం, కీచురాళ్లు" దగ్గర ఆగిపోతోంది. వర్ణన ఎలా పెంచాలి?
– ఒక టీచర్

జవాబు: పెంచకండి టీచర్‌గారూ, సరిచెయ్యండి. చాలామంది అడవి లోపలికి పోయేకొద్దీ తుప్పలు దట్టమవుతాయని రాస్తారు. ముదురు అడవిలో జరిగేది దానికి తలకిందులు: వెలుతురు పక్కనుంచి తగిలే అంచునే ముళ్లు, తీగలు, పొదలు పెనవేసుకుని గోడలా ఉంటాయి. కత్తి పెట్టి ఒళ్లు గీరుకుంటూ ఆ కాస్త దాటితే, లోపల పెద్ద మాన్ల మధ్య నేల దాదాపు ఖాళీ, మెత్తగా ఆకుల పరుపు. నడవడం ఒక్కసారిగా సులువైపోతుంది. భయమెక్కడుందంటే ఆ సులువులో ఉంది, వెనక్కి తిరిగి చూస్తే వచ్చిన సందు కనిపించదు.

గాలి ఆగిపోతుంది, చెమట ఆరదు. వాన మొదలైనప్పుడు ముందు పైన చప్పుడు వినిపిస్తుంది, ఒంటి మీద చినుకు పడడానికి చాలాసేపు పడుతుంది. బయట వాన వెలిశాక లోపల ఇంకా కురుస్తూనే ఉంటుంది. పిలిస్తే గొంతు వినిపిస్తుంది గానీ ఎటునుంచో తెలియదు. ఇవి చాలు. ఇక నిశ్శబ్దం అనే మాటను నవల మొత్తానికి ఒకే ఒక్కసారి వాడుకునే హక్కు మీకిస్తున్నాను.

ప్రశ్న: ఆ సీమకు పాలకుడిగా ఎలాంటివాణ్ణి పెట్టాలి? మంచివాడా, దుర్మార్గుడా?
– ఒక రిటైర్డ్ ఉద్యోగి

జవాబు: సర్వీసులో ఉన్నప్పుడు చూసే ఉంటారు, మారుమూలకు ఎవరిని వేస్తారో. పైవాడికి నచ్చనివాడిని, లేదా పైవాడికి భయమేసేవాడిని. నేనైతే రెండోవాడిని పెడతాను.

సరిహద్దు కాపాడాలంటే రాజు అధికారం వదులుకోవాలి, వదులుకున్నది తిరిగి రాదు. వేల్స్ సరిహద్దున ఇంగ్లండ్ రాజులు పెట్టిన ప్రభువులకు అనుమతి అడగకుండా కోట కట్టుకునే హక్కు, సొంతంగా యుద్ధం చేసే హక్కు, సొంత న్యాయస్థానాలు ఉండేవి. 1536లో ఎనిమిదో హెన్రీ చట్టం చేసేదాకా ఆ పెత్తనం పూర్తిగా పోలేదు. మీ సీమాధిపతికి కూడా అడవి భయం ఎంత పెరిగితే ఖజానా నుంచి అంత డబ్బు, అంత సైన్యం. భయం తగ్గుతోందనిపిస్తే ఆయనే రెండు పశువుల్ని మాయం చేయిస్తాడు. అలాగని దుర్మార్గుడు కానక్కర్లేదు. ఆ డబ్బుతోనే ఊళ్లకు బావులు తవ్వించి ఉండొచ్చు.

అడవి చట్టాలు కూడా ఆయన చేతిలోనే ఉంటాయి, వాటినీ వదలకండి. అర్థశాస్త్రం ఏనుగుల అడవిని రాజ్యం అంచున పెట్టి కాపలా ఉంచమంటుంది. ఏనుగును చంపినవాడికి మరణశిక్ష, తనంతట తాను చచ్చిన ఏనుగు దంతాలు తెచ్చి అప్పగించినవాడికి నాలుగుంపావు పణాల (అప్పటి నాణేల) బహుమతి. ఇంగ్లండ్‌లో రాజుగారి జింకను కొట్టినందుకు ప్రాణమో అవయవమో తియ్యకూడదని 1217లో అడవుల చార్టర్‌లో ప్రత్యేకంగా రాయించుకోవాల్సి వచ్చింది, అంతకుముందు పరిస్థితి ఏమిటో ఊహించుకోండి. చాలా ఊళ్లకు అడవంటే మృగం గుర్తురాదు, అటవీ కాపలావాడు గుర్తొస్తాడు. మీ పేదరైతు రాత్రి అడవి వైపు నుంచి వచ్చే అడుగుల చప్పుడు విని వణికాడంటే, అది నాలుగు కాళ్లదా, బూట్లదా అని ముందు లెక్కపెడతాడు.

ప్రశ్న: మొదటి అధ్యాయంలో సీమ వెయ్యేళ్ల చరిత్ర నలభై పేజీలు రాశాను. పబ్లిషర్ తియ్యమంటున్నారు. తియ్యాలా?
– పేరు వద్దన్నారు

జవాబు: తియ్యండి. ఆ నలభై పేజీలూ మీ దగ్గరే పెట్టుకోండి, మీకు పనికొస్తాయి, పాఠకుడికి అక్కర్లేదు. మీరు పంపిన పేజీల్లో ముప్పై రెండోదాంట్లో ఒక పేరా ఉంది, గాట్ల చెట్టు లాంటిదే, అడవి వైపు కిటికీ పెట్టిన ఇంటికి పన్ను మినహాయింపు ఉందని, అయినా సీమ మొత్తంలో అలాంటి ఇల్లు ఒక్కటే ఉందని. నవల ఆ ఇంటి నుంచి మొదలుపెట్టండి.

ఈ పేజీలో పట్టని ఉత్తరాలు ఇంకో డజను ఉన్నాయి, వచ్చే సంచికలో చూస్తాను. అడవి ప్రశ్నలు ఇక చాలు, దయచేసి ఎవరైనా ఎడారి గురించి అడగండి.